ఎడమకాలికి కబురు

భూషణం మేస్త్రికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పడు, పని చెబుతాడు. అల్లుడు తనని ఎందుకు లెక్కచెయ్యడం లేదని మునసబుగారి తమ్ముడు అడిగితే, ఆయన చేత ట్రాక్టరు గాలి ఫిల్టరు దులిపించాడు. తమ్ముడుగారికి జవాబు దొరికిందో లేదో తెలియదు గాని, మూడు రోజులపాటు తుమ్ములు మాత్రం దొరికాయి.

కడియం పక్క నర్సరీల్లో ట్రాక్టరు తోలేవాళ్లలో సగంమంది ఈ మేస్త్రి శిష్యులే. మిగతా సగం కాలవల్లో పడి లేచి నేర్చుకున్నారు. శిష్యుల్లో పోసిబాబుది పెద్దపీట. ఆ పీట అతను వేసుకున్నదే. పద్దెనిమిదేళ్లు గేరు బండి తోలాడు. ఆ సంగతి తెలియనివాడు ఊళ్లో లేడు, ఎందుకంటే రోజుకొకసారి అతనే చెబుతాడు.

అలాంటి పోసిబాబుకి కష్టమొచ్చింది. నర్సరీ యజమాని సత్తిరాజుగారు పాత బండి అమ్మేసి, కుండీల వరసల మధ్య తిరగడానికి చిన్న ట్రాక్టరు కొన్నారు. దానికి క్లచ్చి తొక్కి గేరు మార్చే పని లేదు. ఇంజను నూనెను తోస్తుంది, నూనె చక్రాలను తిప్పుతుంది. కుడికాలి దగ్గర రెండు పెడళ్లు: ఒకటి నొక్కితే ముందుకు, రెండోది నొక్కితే వెనక్కి. కాలు తీస్తే ఆగుతుంది. అంతే బండి.

"శనివారం నాటికి భూషణం సరేనంటే దీనిమీద నువ్వుంటావు. లేదంటే రాజమండ్రి నుంచి వేరే డ్రైవరొస్తాడు" అన్నారు సత్తిరాజుగారు. పోసిబాబుకి వేరే పని రాదు. రాదని ఒప్పుకునే అలవాటూ లేదు.

గురువారం పొద్దున్నే నర్సరీలో కొత్త బండి పక్కనున్న మేస్త్రి దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేస్త్రీ, మీరే చెప్పండి. గేరు బండి గొప్పదా, ఈ పెడలు బండి గొప్పదా? గేరు బండైతే డీజిలు తక్కువ తాగుద్ది. పొడుగు చాలులో ఒక గేరులో పెట్టి వదిలితే తిన్నగా పోద్ది. ఇదేమో అస్తమానం ముందుకీ వెనక్కీ తిరగడానికి బాగానే ఉంటది గాని, ఉయ్యాల ఊపుతున్నట్టుంటదండి."

మేస్త్రి కళ్లజోడు తుడుచుకున్నాడు. "మందారాల వరస చివర ఖాళీ కుండీలున్నాయి. బండి మీద తెచ్చెయ్."

పోసిబాబు ఎక్కాడు. సగం వరస దాకా బాగానే పోయింది; ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో మీసం సర్దుకునేంత బాగా. అక్కడ కుండీల చాటున కూర్చుని కలుపు తీస్తున్న వరాలమ్మ, నడుం పట్టేసి, ఉన్నట్టుండి లేచి నిలబడింది. పోసిబాబు పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నదే చేశాడు. రెండుకాళ్లతోనూ గట్టిగా తొక్కాడు.

ఎడమకాలి కింద ఉత్త రేకు. కుడికాలి కింద, పాత బండికి బ్రేకుండే చోట, ముందుకు పోయే పెడలు.

బండి గెంతింది. వరాలమ్మ అంతకన్నా ముందే గెంతింది. మందారాలు గెంతలేక చక్రాల కింద పడ్డాయి. బండి వెళ్లి కొబ్బరిపొట్టు గుట్టలో మూతి పెట్టింది. మేస్త్రి తాపీగా వచ్చి తాళం తిప్పి ఇంజను ఆపాడు.

"ఒరే పోసిగా!" అంది వరాలమ్మ. "నీ పెళ్లి వంటలో ఉప్పెక్కువేశానని ఇన్నాళ్లకా కసి తీర్చుకుంటున్నావు?"

"ఆపుదామనే తొక్కానత్తా" అన్నాడు పోసిబాబు. ఆ మాట తనకే వింతగా వినిపించింది.

మేస్త్రి బండిని గుట్టలోంచి వెనక్కి తీశాడు. "వరాలమ్మా, ఎక్కు."

"నేనా? నాకు సైకిలే రాదయ్యా!"

"అందుకే."

ఆవిడ కొంగు దోపుకుని ఎక్కి, పారిపోయే కోడిని పట్టుకున్నట్టు స్టీరింగు పట్టుకుంది. మేస్త్రి చూపించిన పెడలు మీద కాలు ఆనించింది. బండి మెల్లిగా కదిలింది. పది గజాలు పోయాక మేస్త్రి ఖాళీ బకెట్టొకటి దాని ముందుకు విసిరాడు.

"హో!" అని అరిచి వరాలమ్మ రెండుకాళ్లూ పైకెత్తేసింది. బకెట్టుకి మూరెడు ఇవతల బండి ఆగిపోయింది.

"ఎవరు నేర్పారత్తా నీకు?" అన్నాడు పోసిబాబు, బకెట్టుకీ బండికీ మధ్య జాగా చూస్తూ.

"నేర్పేదేముందిరా? దమ్ము చేసిన చేను చదును చేసేటప్పుడు, బరువు కోసం మా నాన్న నన్ను ఎద్దులు లాగే చెక్క పలక మీద నిలబెట్టేవాడు. ఎద్దుల్ని ఆపడానికి 'హో' అన్నాడంటే నేను కాళ్లెత్తి కిందికి దూకెయ్యాలి. చిన్నప్పుడు పడ్డ బెదురు, ఇంకా పోలేదు."

పోసిబాబు వంగి, నలిగిన మందారమొకటి లేవనెత్తాడు. "అయితే నా పద్దెనిమిదేళ్లూ దండగేనా మేస్త్రీ?"

మేస్త్రి వరాలమ్మని దింపి, తాళం తిప్పి ఇంజను ఆపాడు. ఎక్కమని సైగ చేశాడు. పోసిబాబు ఎక్కి కూర్చున్నాడు. మేస్త్రి బకెట్టు తీసి, విసరబోతున్నట్టు చెయ్యి ఎత్తాడు. విసరలేదు. ఎత్తాడంతే. రేకు ధన్‌మని మోగింది. పోసిబాబు తల వంచి చూసుకున్నాడు. ఎడమకాలు వేళ్లు మడుచుకుని, ఏమీ లేని చోట ఇంకా తొక్కుతూనే ఉంది.

"శనివారానికి రెండు రోజులుంది" అన్నాడు మేస్త్రి, బకెట్టు కింద పెడుతూ. "ఏ బండి గొప్పదో తర్వాత చూద్దాం. ముందు ఆ కాలికి కబురు చెప్పు, క్లచ్చి లేదని."