సూరపరాజు గారి పసుపు కారు

నరసాపురంలో సూరపరాజు గారని ఒకాయన ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, కారుతో దేన్ని గుద్దినా తప్పంతా ఆ కారు రంగు మీదికి తోసేసేవాడు.

అసలు జబ్బేమిటో ఊరందరికీ తెలుసు. ఆయనకు మర్యాద ఎక్కువ. మొహం చూడకుండా మాట్లాడితే అవతలి మనిషిని అవమానించినట్టే అనుకునేవాడు. అరుగు మీద కూర్చున్నప్పుడు ఆ మర్యాద బాగానే ఉంటుంది. స్టీరింగు పట్టుకున్నాక కూడా అదే మర్యాదంటే ఎలాగో మీరే చెప్పండి! వెనక సీట్లోవాళ్ళు "ఎండగా ఉందండీ" అంటే చాలు, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, వాళ్ళ కళ్ళలోకి చూసి, "ఆయ్, మాడిపోతోందండీ" అనేవాడు. ఈలోగా కారు తన దారిన తాను పోతుండేది.

కారు నల్లగా ఉన్నప్పుడు పాలకేంద్రం గోడను గుద్దాడు.

"నలుపు ఎవరికీ కనబడదు. అదీ గొడవ," అన్నాడు.

"గోడకు కనబడకపోవడమేమిటండీ?" అంది భార్య సుభద్రాయమ్మ.

వింటేగా! కారుకి ఎర్ర రంగు వేయించాడు. కొన్నాళ్ళకే ఎరువుల కొట్టు ముందు ఆగి ఉన్న ట్రాక్టరును గుద్దాడు. "ఎరుపు చూస్తే ఎదుటివాడు రెచ్చిపోతాడు," అన్నాడు. ఆ ట్రాక్టరులో మనిషే లేడు! ఏం చెప్పమంటారు ఈయనకి?

ఇంతలో భీమవరంలో ఉన్న కూతురు వసుంధరను తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకురావలసి వచ్చింది. నా బిడ్డను నా కారులోనే తెచ్చుకుంటానని సూరపరాజు పట్టుబట్టాడు. పాపం, అది ఆయన ముచ్చట.

సుభద్రాయమ్మ మాత్రం తెగేసి చెప్పింది. "ముందు నన్ను క్షేమంగా భీమవరం చేర్చండి. చేరిస్తేనే పిల్ల ఈ బండి ఎక్కుతుంది. లేకపోతే లేదు."

సూరపరాజు తిన్నగా రంగులు వేసే కరీముల్లా దగ్గరికి వెళ్ళాడు. కరీముల్లా తల పట్టుకున్నాడు.

"మళ్ళీనా రాజుగారూ? ఈ బండికి రేకు కంటే రంగే మందంగా ఉందండీ!"

"ఈసారి పసుపు వెయ్యి. పసుపు శుభం. ఎంత దూరంలో ఉన్నా కళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది," అన్నాడు.

పసుపు కారులో భార్యాభర్తలు బయలుదేరారు. దారిలో మాట్లాడకూడదని, వెనక సీట్లో కూర్చున్న సుభద్రాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాలకొల్లు దాటేదాకా బాగానే ఉంది. వీరవాసరం దగ్గర ఇక ఆగలేక నోరు జారింది.

"ఏవండీ, పిల్లకి సున్నుండలు పెట్టారా?"

సూరపరాజు మెడ గిర్రున తిరిగింది. "డిక్కీలో పెట్టాను సుభద్రా. నెయ్యి కూడా..."

ధన్!

రోడ్డు పక్కన ఆపి ఉన్న రోడ్డు రోలరును గుద్దాడు. ఏనుగంత రోలరు. దానికి గీత కూడా పడలేదు. కారు ముందు భాగం అప్పడంలా నలిగింది. ఆయన ముక్కు పగిలింది. ఆవిడ నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది.

"ఏవండీ, ఆ రోలరుది ఏ రంగు?"

సూరపరాజు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని చూశాడు. "పసుపే."

"కళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడుతుందన్నారుగా? మరి మీకెందుకు కనబడలేదు?"

ఆయన రోడ్డు మీదికి నడిచి, వస్తున్న ఆటోకి చెయ్యెత్తాడు.

ఆటోలో భీమవరం చేరారు. తండ్రి ముక్కుకున్న కట్టు, తల్లి నుదుటి బొప్పి చూసి వసుంధర రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. "నేను కూడా ఆ కారులో ఉండుంటే, నాన్నా?" అంది నెమ్మదిగా. సూరపరాజు తల దించుకున్నాడు.

తిరుగు ప్రయాణం కూడా ఆటోలోనే. ఊరు దాటగానే ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. "తమరు నరసాపురం సూరపరాజు గారు కదండీ! మా నాన్న ఎప్పుడూ చెబుతుంటాడండీ..."

"ముందుకు చూడవయ్యా బాబూ!" సూరపరాజు పెట్టిన కేకకు ఆటో అద్దాలు అదిరాయి. "కడుపుతో ఉన్న పిల్ల ఉంది బండిలో!"

సుభద్రాయమ్మ బొప్పి తడుముకుంటూ అంది. "ఇది కూడా పసుపు బండే కదండీ. భయమెందుకూ?"

"రంగుదేముందే! వాడి చూపు రోడ్డు మీద ఉండాలి గానీ!"

అనేసి, తన మాట తనకే వినబడి, సూరపరాజు ఇల్లు చేరేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

నీతి: బండి రంగు నలుగురికీ కనబడటానికి కాస్త సాయపడితే పడవచ్చు, కానీ ప్రమాదాన్ని తప్పించేది నడిపేవాడి చూపే; తప్పు మనలో పెట్టుకుని బండికి రంగులు మారిస్తే ఉపయోగం లేదు.