హాలోబ్రూక్ బావి దగ్గర బతుకమ్మ కొలువైన వైనం

ఇంగ్లండులోని డర్బీషైర్ కొండల నడుమ హాలోబ్రూక్ అనే చిన్న రాతి గ్రామం ఉన్నది. లెస్టర్ నుండి ఒక్కరోజు యాత్రకు బస్సులలో వచ్చే తెలుగువారు పాత చర్చిని, రాతి వంతెనను చూసి, పూలబావి దగ్గర తప్పక ఆగుతారు. వేసవిలో బావి పండుగ జరిగే వారమంతా అక్కడ పూరేకుల చిత్రం పక్కనే బతుకమ్మ కొలువుదీరి ఉంటుంది. ఇంగ్లీషు పల్లెలో బతుకమ్మ ఏమిటని ముక్కున వేలేసుకునేవారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ బావి పండుగ ఒక్కటే ఉండేది. పూర్వమంటే త్రేతాయుగం కాదు, బస్సులు తిరుగుతున్న కాలమే. కరువులోనూ ఎండని బావికి కృతజ్ఞతగా గ్రామస్థులు తడి బంకమన్ను పరచిన పలకపై పూరేకులు అద్ది బొమ్మ తీర్చేవారు. సాయంత్రం పాస్టరుగారు వచ్చి దీవించేవారు. తరతరాలుగా తప్పని ఆ ఆచారానికి చివరకు మార్జరీ అనే వృద్ధురాలు ఒక్కతే దిక్కయింది. ఆ ఏడు ఆమె చేతనైనంతలో చిన్న పలక ఒకటి చేసి నిలిపింది.

ఆనాడే జగిత్యాల ఆడపడుచు గుండేటి సులోచన, లెస్టర్‌లో కుట్టుపని చేసుకునే ఇల్లాలు, తన ఆడబిడ్డ రాజేశ్వరితో యాత్రకు వచ్చింది. ఊరంతా చర్చి హాలులో టీ తాగుతున్నది. బావి దగ్గర పూలు, పక్కనే పారే వాగు. సులోచన మనసు ఊరుకోలేదు.

“పొద్దు వాలుతున్నది. నీళ్లల్ల ఇడువ మర్శిపోయినట్టున్నరు పాపం,” అన్నది.

“మనకెందుకు వదినె? వాళ్ల పద్ధతేందో,” అని రాజేశ్వరి అంటూనే ఉన్నది. వదినగారు అప్పటికే పలకను కళ్లకద్దుకొని వాగులో సాగనంపింది.

మార్జరీ వచ్చి, బోసిపోయిన బావిని చూసి కూలబడింది. “ఇక దీవెన లేదు. నా చేతుల్లోనే ఆగిపోయింది,” అన్నది. సులోచనకు ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా ఆ ముఖం చూస్తే తన తప్పు తెలిసింది; సాయంత్రం పాస్టరుగారు వచ్చి దీవించే సంగతి రాజేశ్వరి విడమరిచి చెప్పింది. తమ ఊళ్లో తన బతుకమ్మను ఆడకముందే ఎవరైనా ఇలా నీట విడిస్తే ఎలా ఉండేదో తలచుకొని సిగ్గుతో చచ్చిపోయింది. కాని ఆమె చేతులు ముడుచుకొని కూర్చునే మనిషి కాదు.

“పాస్టరు సారు వచ్చేవరకు ఈడ పూలుండాలె. బస్సు పోతే పోనియ్,” అని కొంగు బిగించింది.

మట్టి కలిపే వ్యవధి లేదు. మార్జరీ ఇంటి నుండి పెద్ద పళ్లెం వచ్చింది. బస్సులోని స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి పూలడిగితే, గ్రామస్థులే కత్తెరలు పట్టుకొని తమ తోటల్లోని పూలు కోసి ఇచ్చారు. తంగేడుకు బదులు బంతి, గునుగుకు బదులు లావెండర్. వరుస మీద వరుస లేచింది. శిఖరాన పువ్వు నిలిపే భాగ్యం సులోచన మార్జరీకే ఇచ్చింది.

పాస్టరుగారు ఆ పూలగోపురాన్ని వింతగా చూసి, ఇది ఎవరిదని అడిగారు. మార్జరీ సులోచన చేయి పట్టుకొని, “మా బావిదే. మేమిద్దరం చేశాం,” అన్నది. ఆయన దీవించారు. సులోచన సంతోషం పట్టలేక ఏడ్చింది.

నేటికీ ఊరివారు పలక తీర్చితే, తెలుగు స్త్రీలు బతుకమ్మను పేరుస్తారు. మార్జరీ ఒక్కతే చేసిన పనికి ఇప్పుడు చోటు చాలక వంతులు వేసుకుంటున్నారు. పండుగనాటి బావినీరు తలపై చల్లుకొన్నవారి ఇంట మంచి ఆచారం అంతరించదని నమ్మిక. వారం నిండాక పాటలతో రెండింటినీ వాగులో సాగనంపుతారు. ఊరివారి పలకను తొలుత నీట విడిచే హక్కు మాత్రం తెలుగు ఆడపడుచుదే. దానిని ఆ గ్రామమే అడిగి మరీ ఇచ్చింది.