గాలికి కాపలా

ఆ రాజ్యం పేరు మరిచాను గానీ, ఆయుధశాల చూసుకునే ఆవిడ పేరు పుల్లమ్మ. ఆమె రోజూ కత్తులకు ఆముదం రాసేది. "కత్తులకేం తలనొప్పా, ఆముదం పెట్టడానికి?" అంటూ మంత్రి పొదుపు పేరుతో దాన్ని ఆపించాడు. తన సొంత కత్తికి మాత్రం ఆపలేదు.

వానలు వెలిసేసరికి కత్తులన్నీ తుప్పు పట్టాయి.

"ఇనుము గీకి అమ్ముకుంది మహారాజా! దీన్ని చెరలో వేయించండి" అన్నాడు మంత్రి.

"ముందు తూయించండి ప్రభూ" అంది పుల్లమ్మ.

తుప్పు రాలకుండా ఒక కత్తిని త్రాసులో పెట్టారు. అవతల, దానితోపాటే ఒకే తూకంతో చేయించిన మంత్రిగారి కత్తి పెట్టారు. తుప్పు కత్తే కిందికి దిగింది.

"దొంగిలిస్తే తగ్గాలి గదా, పెరిగిందేం?" అన్నాడు రాజు.

"తడిగాలి ఇనుముతో కలిసిపోయింది ప్రభూ. పెరిగిన బరువు దానిదే. ఆముదం ఉన్నన్నాళ్లూ ఇనుము గాలికి అందలేదు."

మంత్రి వదల్లేదు. "అయితే గాలిని లోపలికి రానిచ్చిన తప్పు నీదే!"

"నిజమే బాబూ. వచ్చే వానాకాలం తమరే లోపల కూర్చుని కాపలా నేర్పండి. తలుపులూ కిటికీలూ సందు లేకుండా నేనే మట్టితో మెత్తేస్తాను."

"భేష్, అలాగే కానివ్వండి" అన్నాడు రాజు.

మంత్రి గొంతు సవరించుకున్నాడు.

"ఆముదం ఎన్ని కుండలు కావాలమ్మా?"