ఎర్నమ్మ గంజి పెట్టిన నోటు

కాగితం డబ్బు కొత్తగా ఊళ్లలోకి వచ్చిన కాలం. వెండి రూపాయిని నేలకేసి కొట్టి మోత వినే ముసలివాళ్లు ఇంకా బతికున్న కాలం. ఆ కాలంలో ఏటికి ఇవతల ఒక ఊరు, ఊరి చివర ఒక గుడిసె, గుడిసెలో ఒక తల్లీ ఒక కూతురూ. తల్లి ఎర్నమ్మ. కూతురు గవిరి, ఆరేళ్లది. మొగుడు ముందే పోయాడు. ఇక వినండి, మధ్యలో లేవకండి. ఇది నాకూ చెప్పబుద్ధి కాని కథే.

ఎర్నమ్మ మూడూళ్ల బట్టలు ఉతికేది. కాగులో ఉడికించి ఉబ్బ పెట్టేది, ఉతికేది, గంజి పెట్టి ఇస్త్రీ చేసేది. ఆమె చేతి గంజికి మూడూళ్లలోనూ పేరుంది. ఆమె ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుంటే పిరికివాడు కూడా పెద్దమనిషిలా నడిచేవాడట.

చదువు లేదు. కానీ ఏ బట్ట ఎవరిదో ఎప్పుడూ తప్పలేదు. ఎంత ఉతికినా పోని నల్లజీడి గింజ రసంతో ఇంటికొక గుర్తు పెట్టేది. నాయుడుగారికి రెండు చుక్కలు. కరణంగారికి ఒక గీత. మందులకొట్టు కామయ్యకి ఒక గీత మీద ఒక చుక్క. మూడూళ్ల గుర్తులూ ఆమె బుర్రలో ఉండేవి.

ఒకనాడు నాయుడుగారి పంచె ఉబ్బలోంచి తీస్తుంటే మడతలో ఒక పదిరూపాయల నోటు దొరికింది. ఉడికి మెత్తబడింది. పట్టుకెళ్లి ఆయనకే ఇచ్చింది. నాయుడుగారు నవ్వాడు.

"దీన్ని నువ్వే ఉతికినావు గదే, నువ్వే ఉంచుకో. గవిరికి గవును కుట్టించు" అన్నాడు.

అంత పెద్ద నోటు ఎర్నమ్మ చేతికి రావడం అదే మొదలు. ఇంటికి తెచ్చి బోర్లించిన కుండ మీద ఆరబెట్టింది. ఆరింది గానీ మెత్తగా వేలాడుతోంది. ఉతికిన గుడ్డ వేలాడితే ఎర్నమ్మకి సిగ్గు. అందుకని ఏం చేసిందో తెలుసా? నవ్వకండి. దానికి పల్చగా గంజి పెట్టింది. ఇస్త్రీపెట్టెలో నిప్పులేసి, పైన తడిగుడ్డ కప్పి ఇస్త్రీ చేసింది. నోటు అప్పడంలా పెళపెళలాడింది. గవిరి చూసి చప్పట్లు కొట్టింది. నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది ఎర్నమ్మ.

వారం తిరక్కుండానే గవిరికి జ్వరం వచ్చింది. మొదటిరోజు ఒళ్లు వెచ్చబడింది. రెండోరోజు కళ్లు తెరవలేదు. మూడోరోజు పొద్దున్న తల్లిని గుర్తుపట్టలేదు. పిల్లని పొరుగింటి ముసలమ్మకి అప్పజెప్పి, ఎర్నమ్మ సంతవీధికి పరిగెత్తింది.

ముందు పాపయ్యశెట్టి కొట్టు. చిల్లర చేసుకుందామని ముడి విప్పింది. మడత దగ్గర గంజి విరిగి నోటు రెండు ముక్కలైంది. శెట్టి దాన్ని కొనవేలితో తోశాడు.

"చినిగిన నోటు సెల్లదు" అన్నాడు. నీకు డబ్బు ఎందుకని అడగలేదు. అడగనిదే చెప్పే అలవాటు ఎర్నమ్మకి లేదు.

తర్వాత బండి తోలే తౌడు. పిల్లని పట్నం ఆసుపత్రికి చేర్చాలంటే బండి కావాలి. తౌడు ఆ నోటు ముక్కలు రెండూ ఎండకి పట్టి చూశాడు.

"చినిగిన నోటు సెల్లదు" అన్నాడు. బండి ఎందుకని అడగలేదు. అడగనిదే చెప్పే అలవాటు ఎర్నమ్మకి లేదు.

చివరికి మందులకొట్టు కామయ్య. జ్వరం మందు కావాలంది. కామయ్య సీసా తీసి బల్ల మీద పెట్టాడు కూడా. నోటు చూసి సీసా మళ్లీ లోపల పెట్టాడు.

"చినిగిన నోటు సెల్లదు" అన్నాడు. మందు ఎవరికని అడగలేదు. అడగనిదే చెప్పే అలవాటు ఎర్నమ్మకి లేదు.

ఎందుకు లేదు అంటారేమో. పెరటి గుమ్మం దగ్గర నిలబడి, ఎవరైనా పలకరిస్తేనే మాట్లాడిన మనిషి ఆమె. ఆమె తల్లీ అంతే, అమ్మమ్మా అంతే. పైగా గంజి పెట్టి నోటుని తనే చంపేశాననుకుంది. చచ్చిన డబ్బు చూపించి మందు ఎలా అడుగుతుంది?

దీపాలవేళకి గవిరి పోయింది.

పిల్లని మట్టిచేసి వచ్చాక, ఎర్నమ్మ ఆ రెండు ముక్కల్నీ ఇస్త్రీపెట్టెలో నిప్పుల మీద వేసింది. పనికిమాలిన కాగితం అనుకుంది. మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. బట్టలు మాత్రం ఉతికింది.

మూడు నెలల తర్వాత నాయుడుగారి కూతురి చీరలు ఇవ్వడానికి పట్నం వెళ్లింది. దారిలో సర్కారు ఖజానా. కిటికీ దగ్గర ఒక రైతు నిలబడి, ఎలుక కొరికిన నోటు ముక్కలు లోపలికి తోశాడు. లోపలి గుమాస్తా వాటిని జోడించి చూసి, కొత్త నోటు బయటికి తోశాడు. ఎర్నమ్మ అక్కడే ఆగిపోయింది.

జనం పలచబడే దాకా ఉండి, కిటికీ దగ్గరికి వెళ్లింది. "బావూ, రెండు ముక్కలైపోయిన నోటు సెల్లుతాదేటి?"

"ఎందుకు చెల్లదమ్మా? ముక్కలు రెండూ ఒకే నోటివై ఉండాలి, అంతే. రెండు పక్కలా అంకెలు కలవాలి. ముక్కలు పారెయ్యలేదు కదా?"

ఎర్నమ్మ మెట్ల మీద కూలబడింది. అది చెల్లే నోటే. ఆ రోజు కూడా చెల్లే నోటే. పాపయ్యశెట్టికి తెలీదు, తౌడుకి తెలీదు, కామయ్యకి తెలీదు, తనకీ తెలీదు. నలుగురికి తెలియకపోవడం వల్ల పిల్ల పోయింది. ఆ మెట్ల మీద ఆమె ఎంతసేపు ఏడ్చిందో చెప్పడానికి నాకు నోరు రాదు.

లేచాక నేరుగా ఊరికి వచ్చింది. మర్నాటి నుంచి బట్టలకి వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అడిగింది. "చినిగిన నోట్లున్నాయా తల్లీ? పారెయ్యకండి, నాకియ్యండి. నాను పట్నంలో మార్చి తెస్తాను."

ఏ ఇంటి ముక్కల్ని ఆ ఇంటి గుడ్డపేలికలో కట్టేది. పేలిక మీద ఆ ఇంటి నల్లజీడి గుర్తు పెట్టేది. రెండిళ్ల ముక్కలు ఒక్కసారి కూడా కలవలేదు. పోగయ్యాక నాలుగు కోసులు నడిచి పట్నం వెళ్లేది, మార్చి తెచ్చి ఎవరివి వాళ్లకి ఇచ్చేది. కూలి పుచ్చుకునేది కాదు. అందరికీ ఒకటే నేర్పింది. "తడిస్తే నీడనే ఆరబెట్టండి. గంజి పెట్టకండి. పిసరంత ముక్కయినా పారెయ్యకండి."

ఇంకొకటి కూడా అడిగేది. నోటు ఎవరు తెచ్చినా ముందు వాళ్ల మొహంలోకి చూసేది.

"ఇంటికాడ అందరూ బాగున్నారేటి?" అనేది.

బాగున్నారంటేనే మూట కట్టేది. ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే, తన దగ్గరున్న చిల్లర చేతిలో పెట్టి, ముందు మందుకి పొమ్మనేది.

కొన్నేళ్లు గడిచాయి. ఒకనాడు ఆమె గుమ్మంలోకి మందులకొట్టు కామయ్య వచ్చాడు. చేతిలో తట్ట, తట్టలో చెదపుట్ట మట్టి, అందులో నోటు ముక్కలు. పట్టుబట్టల పెట్టె అడుగున దాచిన నోట్లు చెదలు తినేశాయి. జీవితమంతా కూడబెట్టింది మట్టిలో కలిసిపోయింది. ఎవరి దగ్గరికి వచ్చాడో అతనికి తెలుసు. అందుకే తలెత్తలేదు.

ఎర్నమ్మ అతని మొహంలోకి చూసింది. "ఇంటికాడ అందరూ బాగున్నారేటి బావూ?"

కామయ్య తట్ట కింద పెట్టేశాడు. ముసలివాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఆ రోజు మందు పిల్లకని నాకు సెప్పనేదేమే అప్పా? సెప్తే ఊరికే ఇచ్చేద్దును గదా."

"నివ్వు అడగనేదు బావూ" అంది ఎర్నమ్మ. "నోటు సూసినావు గానీ నా మొకం సూసినావు గాదు."

ఆమె జన్మలో ఎవరినైనా నిష్ఠూరంగా అన్న మాట అదొక్కటే. అని, తట్ట ముందుకి లాక్కుంది. మూడు రోజులు కూర్చుని, మట్టి ఊదుతూ ముక్కకి ముక్క జోడించింది. కొత్త పేలిక మీద గీత పెట్టి, దాని మీద చుక్క పెట్టింది. పట్నంలో కొన్నిటికి పూర్తి డబ్బు ఇచ్చారు, కొన్నిటికి సగం, కొన్నిటికి ఏమీ లేదు. వచ్చింది వచ్చినట్టు తెచ్చి కామయ్య బల్ల మీద పెట్టింది.

ఆ ఏడు చలికాలంలోనే ఎర్నమ్మ కన్నుమూసింది. నాలుగు రోజుల దగ్గు, అంతే. ఈసారి కామయ్య మందు తెచ్చి తలాపునే కూర్చున్నాడు గానీ, మందు పనిచేయలేదు. గుడిసెలో ఇంకా మార్చని మూటలు మూడు మిగిలాయి. వాటి మీది గుర్తుల్ని ఇంటింటి బట్టల మీది గుర్తులతో సరిచూసి ఎవరివో పోల్చుకుని, కామయ్యే వాటిని పట్నం మోసుకెళ్లాడు. ఆ తర్వాత తను బతికినన్నాళ్లూ ఆమె పని తనే చేశాడు.

ఇప్పుడు నోట్లు మార్చుకోవడానికి నాలుగు కోసులు నడవక్కర్లేదు. అయినా ఆ మూడూళ్లలో నోటు చినిగితే ముక్కలు పారెయ్యరు, పేలికలో చుట్టి "ఎర్నమ్మ మూట" అంటారు. ఆ సంతవీధిలో ఎవరైనా చినిగిన నోటు చాపితే, కొట్టువాడు ముందు నోటు చూడడు. చాపిన మనిషి మొహం చూస్తాడు.

"ఇంటికాడ అందరూ బాగున్నారేటి?" అని అడుగుతాడు.

బాగున్నారంటే నోటు పుచ్చుకుని సరుకు కడతాడు. బాగోలేదన్నారా, కావలసింది ముందు చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తాడు. నోటు సంగతి తర్వాత చూసుకుంటారు.