పోలి కత్తిరించుకున్న అచ్చు

వెనకటికి ఒక సంస్థానంలో పోలి అనే కూలిమనిషి ఉండేది. ఊళ్ళో దర్జీ రంగోజీ, పోలి వాడవాళ్ళను అంటరానివాళ్ళని గడప తొక్కనివ్వడు, ముట్టుకుని కొలతలు తీయడు. అందుకని పోలి చిరుగుల పంచెను ఒంటికి పట్టించి చూసుకుని, తనే కొలతకు అచ్చు గుడ్డ కత్తిరించుకుని, దాని ప్రకారం రవిక కుట్టుకుంది. అది చక్కగా అమరేసరికి రంగోజీకి కడుపు మండింది.

"నా అచ్చు దొంగిలించింది దొరా! దీని వేళ్ళు నరికించండి!" అని కొలువులో గోలపెట్టాడు. భటులు పోలిని, అచ్చును పట్టుకొచ్చారు.

పోలి దూరం నుంచే అడిగింది: "ఆ అచ్చు నా ఒంటికి అతికినట్టుంది దొరా. అది అయ్యగారిదే అయితే, నన్ను ముట్టుకుని ఎప్పుడు కొలిచారో సెప్పమనండి."

రంగోజీ పక్కనున్నవాళ్ళు గబగబా ఎడంగా జరిగారు.

"ఛీ ఛీ! దీన్ని నేను ముట్టుకోవడమేమిటి? అచ్చు దానిదే దొరా, దానిదే!"

"అయితే ఇచ్చెయ్యండి," అన్నాడు దొర.

భటుడు అచ్చును కర్రకొసకు తగిలించి నేల మీదికి విసిరాడు. గెలిచిన పోలి వంగి దాన్ని ఏరుకుంది.