ఇరవై ఐసు దిమ్మల సందేశం

మరిచిపోకముందే ఈ కథ చెప్పేస్తాను. ఉప్పుగుంటలో సత్తిపండు, నాగన్న, బుల్లియ్య అని ముగ్గురన్నదమ్ములు ఉండేవారు. ఊళ్లో తెలివంతా తమ ఇంట్లో పుట్టి తమ ఇంట్లోనే ఆగిపోయిందని వాళ్ల నమ్మకం. ఆగిపోయిన మాట మాత్రం నిజం.

వాళ్ల మేనత్త మంగతాయమ్మకు రొయ్యల చెరువు ఉంది. ఆవిడ కంప్యూటరు నుంచి ఐసు ఫ్యాక్టరీ కంప్యూటరుకు సందేశం వెళితే ఐసు వచ్చేలా వీళ్లు ఏర్పాటు చేశారు. సందేశంలో మూడే గళ్లు: పేరు, ఎన్ని దిమ్మలు, ఎన్ని గంటలకు. ప్రతి గడికీ మొదట తెరిచే గుర్తు, చివర మూసే గుర్తు. ఎలా నింపాలో చూపించడానికి వీళ్లే ఒక నమూనా సందేశం కూడా రాసి పెట్టారు. "తెరిచిందల్లా మూయాలి. నమూనాకు తేడా వస్తే తిప్పి పంపాలి" అన్నాడు వీళ్లకు పని నేర్పిన మాస్టారు. ఆ రెండు మాటలూ గోడ మీద రాసుకుని దణ్ణం పెట్టుకున్నారు.

రొయ్యలు పట్టిన రోజు వచ్చింది. పన్నెండింటికి రొయ్యలు తీసుకెళ్లే లారీ వస్తుంది. ఐసు లేకపోతే అత్త ఆరు నెలల కష్టం కుళ్లిపోతుంది. ఇరవై దిమ్మలకు సందేశం పంపింది. అంతే, తిరిగొచ్చింది.

"ఏమైందిరా?"

"నమూనాలో పేరు అప్పలస్వామి అని ఉందత్తా. నువ్వేమో మంగతాయమ్మవి," అన్నాడు సత్తిపండు.

"అది ఊరికే చూపించడానికి రాసిన పేరు కదరా, మొద్దు మొహమా."

"నమూనా నమూనాయే. నువ్వే మారాలి."

విసుగెత్తి ఆవిడ అప్పలస్వామి అనే రాసింది. ఇంకేముంది, ఇరవై దిమ్మలూ వెళ్లి బడ్డీకొట్టు అప్పలస్వామి గుమ్మంలో పడ్డాయి. ఆయన అసలే దగ్గు మనిషి, చల్లదనానికి జడిసి తలుపు తీయలేదు. దిమ్మలు ఎండకు కరిగి కాలవలో కలిశాయి.

"మీ సందేశాలు తగలెయ్య. మీరే ఫ్యాక్టరీకి వెళ్లి ఐసు గది తెరిచి దిమ్మలు పట్రండి," అంది అత్త.

వెళ్లారు. గది తెరిచారు. లోపలికి నడిచారు.

"తెరిచింది మూయాలి కదరా," అన్నాడు నాగన్న. అంతే, బుల్లియ్య తలుపు మూసి లోపల గడియ పెట్టాడు. ఇక సందేశం వస్తేనే తెరవాలని ముగ్గురూ తీర్మానించుకున్నారు.

పావు తక్కువ పన్నెండుకి అత్త రొప్పుతూ వచ్చి తలుపు బాదింది. "తెరవండ్రా."

"పేరు లేదు, దిమ్మల లెక్క లేదు, గంట లేదు. ఇది సందేశమే కాదత్తా," అన్నాడు నాగన్న, పళ్లు టకటకలాడుతుంటే.

అత్త కోపం మింగుకుంది. "పేరు అప్పలస్వామి. ఇరవై దిమ్మలు. పన్నెండు గంటలకు. చాలా?"

లోపల కాసేపు గుసగుసలు.

"అక్షరం తేడా లేదత్తా," అన్నాడు సత్తిపండు మెచ్చుకోలుగా. "కానీ ఆ ఐసు పొద్దున్నే పంపేశాం."

దూరంగా లారీ హారను కొట్టి వెళ్లిపోయింది. ముగ్గురూ ఐసు దిమ్మల మీద కూర్చుని, తాము రాసిన నమూనా ఎంత గట్టిదో చెప్పుకుంటూ వణికారు.