పెరలకోన లింగమయ్యకు తేనె అభిషేకం ఎందుకు లేదు

నల్లమల అడవిలో, బస్సు దిగిన చోటి నుండి రెండు కోసుల కాలిబాట నడిస్తే పెరలకోన లింగమయ్య స్వామి సన్నిధి వస్తుంది. గుడికి గోపురం లేదు. నిలువుగా లేచిన ఎర్రటి కొండచరియే వెనుక గోడ, దాని కింది గుహే గర్భాలయం. మాఘం దాటగానే ఆ చరియ నిండా కొండ తేనెటీగల పట్లు చేటల్లా వేలాడుతాయి. వాటి చుట్టాలూ ఈ కోనలోనే ఉన్నాయి. పొదల్లో అరచేయంత పట్టు పెట్టే జుంటీగలు, చెట్టు తొర్రల్లో కాపురముండే తొర్ర ఈగలు, కుట్టడమే తెలియని చీమంత నల్ల ఈగలు. అన్నిటిలోనూ పెద్దది, కోపిష్టిది కొండ ఈగ. ఆ కోపం ఊరికే రాలేదని ఇక్కడి చెంచులు చెబుతారు.

పూర్వం ఇక్కడి చెంచుపెంటలో, అంటే చెంచుల గూడెంలో, బయ్యమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త ఈదన్న పట్లు కోయడంలో దిట్ట. కొండ కొమ్ము నుండి అడవితీగ తాడు పట్టుకుని చరియ వెంట దిగేవాడు. పైన తాడు పట్టేది బయ్యమ్మ తమ్ముడు భూమన్న. ఆ తాడు బావమరిదే పట్టాలన్నది వారి కట్టుబాటు. అక్క బతుకు తన చేతుల్లో ఉందన్న భయం అతనికే కదా ఉంటుంది! పట్టులో తేనె పైన ఒక మూలనే ఉంటుంది. మిగిలిందంతా పిల్లల అరలు. ఈదన్న ఆ మూల మాత్రమే కోసి, పిల్లలను ఈగలకే వదిలేసేవాడు.

ఆ కాలంలో ఈ సీమను సింగప్ప నాయకుడనే పాలెగాడు ఏలేవాడు. కొత్త కోట కట్టుకున్న సంబరంలో, వచ్చే పున్నమికి లింగమయ్యకు వెయ్యి కుండల తేనెతో అభిషేకం చేయిస్తానని చాటించాడు. అతని దళవాయి పెంటకు వచ్చి, చరియ మీది పట్లన్నీ మొదలంటా దించాలని ఆజ్ఞాపించాడు.

బయ్యమ్మ ముందుకొచ్చింది. "ఇప్పుడు పట్ల నిండా పిల్లలే దొరా. ఇరవై దినాలు ఆగితే ఎగిరిపోతాయి. అప్పుడు కోసిస్తాం."

"ఈగ పిల్లల కోసం దేవుణ్ణి ఆగమంటావా?" అని దళవాయి నవ్వాడు.

"దేవుణ్ణి కాదు, మీ నాయకుణ్ణి ఆగమంటున్నా."

మరునాడు ఉదయం భటులు ఈదన్నను బలవంతంగా తాడు మీద దించారు. అతడు అలవాటు ప్రకారం తేనె మూలలే కోస్తూ పోయాడు. దళవాయికి ఓపిక చాలలేదు. పొడుగాటి వెదుళ్లకు దివిటీలు కట్టించి, మనిషి ఇంకా తాడు మీద ఉండగానే, కింది నుండి పట్లకు నిప్పు పెట్టించాడు. మైనం మండుతూ కారింది. రెక్కలు కాలిన ఈగలు వానలా రాలాయి. తాడు అంటుకుంది. భూమన్న అరచేతులు బొబ్బలెక్కుతున్నా వదలక లాగాడు, తాడే తెగిపోయింది. ఈదన్న బండ మీద పడ్డాడు. ప్రాణం పోలేదు, నడుము విరిగింది. భటులు తేనెను, పిల్లలను, బూడిదను కలిపి కుండల్లోకి పిండుకుని వెళ్లిపోయారు. పడినవాడి వంక ఒక్కడూ చూడలేదు.

భర్త నోట్లో నీళ్లు పోస్తూ బయ్యమ్మ చుట్టూ చూసింది. నేలంతా రెక్కలు లేని ఈగలు పాకుతున్నాయి. మాడిన అరల్లో తెల్లటి పిల్లలు ఇంకా కదులుతున్నాయి. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా భగ్గుమంది. ఇదంతా దేవుడి పేరు మీదనా?

పున్నమి నాడు పొద్దున్నే మేళతాళాలతో అభిషేకం మొదలైంది. మాడిన పట్లను చేటకెత్తుకుని బయ్యమ్మ భటులను తోసుకుంటూ వచ్చి, నాయకుడి ముందు కుమ్మరించింది.

"తేనె ఒక్కటే పోస్తే ఎట్లా దొరా? ఇవి కూడా పొయ్యి! పిల్లలున్న ఇంటికి నిప్పు పెట్టి పిండుకొచ్చావు గదా, అంతా పొయ్యి! ఈ తేనెతో చల్లబడేవాడైతే వాడు దేవుడే కాదు!"

"ఈడ్చిపారేయండి దీన్ని!" అని నాయకుడు గర్జించాడు. తేనెకుండ ఎత్తిన పూజారి చెన్నబసవయ్య చేతులు అలాగే నిలిచిపోయాయి.

సరిగ్గా అప్పుడే గుహ చీకటైంది. ఇల్లు కాలి చెట్లను పట్టుకుని ఉన్న ఈగలన్నీ ఒక్క జుమ్ముతో లోపలికి వచ్చి లింగం మీద వాలాయి. పొర మీద పొరగా లింగమంతా నల్లగా కప్పుకుపోయింది. నాయకుడు మంట తెమ్మన్నాడు. చెన్నబసవయ్య కుండ దించి గడపకు అడ్డంగా కూర్చున్నాడు. "ముందు నన్ను కాల్చండి," అన్నాడు. దివిటీ వెలిగిందో లేదో, ఈగలు లేచాయి. మొహాలు వాచి నాయకుడూ పరివారమూ కొండ దిగి పరుగెత్తారు, మళ్లీ రాలేదు. బయ్యమ్మను, పూజారిని ఒక్క ఈగా కుట్టలేదట.

ఆ మధ్యాహ్నం మంటపంలో కునుకు పట్టిన పూజారికి స్వామి కలలో కనిపించాడు. "నా కొండ కాల్చి నాకే నైవేద్యమా? ఇకపై నాకు నీళ్లు చాలు. తేనె సంగతి ఆ తల్లిని అడుగు," అని ఆజ్ఞాపించాడు. పూజారి పెంటకు వెళ్లి ఆ మాట చెప్పి చేతులు జోడించాడు.

బయ్యమ్మ కోపం తగ్గలేదు. "ఈ మాట మీ దేవుడు నాలుగు దినాల ముందు చెప్పుంటే నా మొగుడు నడిచేవాడు గదయ్యా!" అంది.

దానికి జవాబు ఈ పుస్తకం రాస్తున్న మా దగ్గర లేదు.

మరుసటి ఏడు, పిల్లలు ఎగిరిపోయాక, బయ్యమ్మ తానే తాడు కట్టుకుని చరియ దిగింది. మచ్చలు పడ్డ చేతులతో భూమన్న పైన తాడు పట్టాడు. నాటి నుండి ఈ కోనలో తొలి పట్టు ఆమె ఇంటి ఆడపడుచే కోస్తుంది. స్వామికి జలాభిషేకం మాత్రమే జరుగుతుంది. సీసాలతో తేనె తెచ్చి పోయమని పూజారులతో వాదించే భక్తులు దయచేసి ఈ కథ మరొకసారి చదువుకోగలరు.

ఏటా ఉత్సవానికి ముందు పూజారి పెంటకు నడిచి వెళ్లి, "పిల్లలు ఎగిరాయా తల్లీ?" అని అడుగుతాడు. ఇంకా లేదంటే ఉత్సవం ఆగుతుంది. కొన్నేళ్ల కిందట ఒక పెద్దమనిషి కార్లు, మందీమార్బలంతో వచ్చి, తన తీరికను బట్టి ఆ రోజే జరపాలని పట్టుబట్టాడు. ఆ ఇంటి ఆడపడుచు చరియ వైపు చూసి, "ఇంకా లేదు," అంది. ఆయన వెనుదిరిగాడు. ఆ జవాబు కోసం ఓపికగా వేచి స్వామిని సేవించినవారి పిల్లాపాపలు చల్లగా ఉంటారని పెద్దల మాట.